'ఒరేయ్' బ్యాచ్!

డెబ్భై దాటిన మనిషిని 'ఒరేయ్' అని పిలిచే హక్కు ఎవరికుంటుంది? అమ్మానాన్నలు ఎప్పుడో వెళ్లిపోయారు. అన్నయ్య ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇంట్లో 'ఏవండీ', పిల్లలకు 'నాన్నా', మనవలకు 'తాతయ్యా'. అందులోనూ సైన్యంలో చేసి వచ్చినవాడైతే ఇక చెప్పక్కర్లేదు... అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు వరకూ అందరికీ 'కల్నల్ గారే'. కన్నవాళ్లు పెట్టిన పేరు పింఛను కాగితాల్లో తప్ప ఇంకెక్కడా కనిపించదు.

అలాంటాయన్ని పట్టుకుని, విశాఖ స్టేషన్లో పొద్దున్నే పదిమందీ వినేలా "ఒరేయ్ బండోడా, ఇంకా ఉన్నావట్రా!" అని మరో పెద్దాయన అరిచాడనుకోండి. కంగారుపడకండి. వాళ్లిద్దరూ ఒకే బ్యాచ్. అరకు బండెక్కడానికి వచ్చారు.

సైనిక విద్యాసంస్థల్లో కలిసి చదువుకున్నవాళ్ల ఆత్మీయ సమ్మేళనాలు దేశమంతటా జరుగుతుంటాయి. ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో, డెహ్రాడూన్‌లో, మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో స్వర్ణోత్సవాల బ్యాచ్‌లు వచ్చి పరేడ్ చూసి, ఫొటో దిగి వెళ్తుంటాయి. మన ఉత్తరాంధ్రలో అయితే ఆ దారి విశాఖ మీదుగా అరకు పోతుంది. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి రిటైరైన నేవీవాళ్లు విశాఖలో చాలామందే స్థిరపడ్డారు. ఒకడి ఊరు విశాఖ అయితే చాలు, మిగతావాళ్లంతా అక్కడికే దిగుతారు. మర్నాడు బీచ్‌లో 'విక్టరీ ఎట్ సీ' స్తూపం దగ్గర నిలబడతారు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో మునిగిపోయిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ ముచ్చట్లు మరోసారి తవ్వుకుంటారు. ఆ పై రోజు కొండెక్కుతారు.

ఇంకో కారణం కూడా ఉంది. అరకు లైను కొత్తవలస దగ్గర చీలుతుంది కదా. అక్కణ్నుంచి కొండవైపు పోకుండా తిన్నగా విజయనగరం వైపు వెళ్తే కంటకాపల్లి, అలమండ దాటాక వచ్చే స్టేషను కోరుకొండ. తెలుగునాట తొలి సైనిక్ స్కూల్ అదే. 1962 జనవరి 18న మొదలైంది. అంతకు ముందు ఏడాదే అప్పటి రక్షణమంత్రి కృష్ణమీనన్ ఆలోచనతో దేశంలో ఈ బళ్లు పుట్టాయి. సైన్యంలో ఆఫీసర్లంటే కొన్ని రాష్ట్రాలవాళ్లు, కొన్ని కుటుంబాలవాళ్లేనన్న లెక్క మారాలని, మామూలు ఇళ్ల పిల్లల్ని కూడా ఎన్డీయేకి పంపాలని ఉద్దేశం. విజయనగరం పూసపాటి వంశానికి చెందిన పి.వి.జి. రాజుగారు కోరుకొండ కోటని ఇస్తే అందులో బడి పెట్టారు. ఆ ఏడాది పదేళ్ల వయసులో రేకుపెట్టె పట్టుకుని కోట గుమ్మం దాటిన పిల్లాడు ఇప్పుడు డెబ్భైల నడిమిలో ఉన్నాడు. అతను నిక్కర్లు వేసుకుని డ్రిల్లు చేస్తున్న ఆ 1960లలోనే, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడం కోసం అనంతగిరి కొండల్ని తొలిచి కిరండూల్ లైను వేశారు. రెండూ ఒక ఈడువే.

ఆ హాస్టల్లో ఓ తమాషా జరిగేదట. పాఠం ఇంగ్లిషు, మెస్సులో ఇంగ్లిషు, గ్రౌండులో ఇంగ్లిషు. లైట్లార్పగానే మాత్రం శ్రీకాకుళం కుర్రాడు 'ఏట్రా' అనేవాడు, నల్గొండవాడు 'ఏందిరా' అనేవాడు, కడపవాడు 'ఏమిరా' అనేవాడు. రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు మరి! విశాఖలో స్థిరపడ్డ ఓ రిటైర్డ్ నేవీ అధికారి నాకు తెలుసు. పేరు రాయొద్దన్నారు. "చూడమ్మా, మా ఆవిడకి నేను నలభై ఏళ్లుగా తెలుసు. కానీ నేను 'ఏట్రా' అనగలనని ఆవిడకి తెలిసింది మాత్రం మా వాళ్లు ఇంటికొచ్చిన రోజునే" అన్నారాయన.

పేర్ల సంగతి వదిలేయండి, వీళ్లకి రోల్ నంబర్లు కూడా గుర్తుంటాయి. 2024లో సైన్యాధిపతిగా జనరల్ ఉపేంద్ర ద్వివేది, నౌకాదళాధిపతిగా అడ్మిరల్ దినేశ్ త్రిపాఠి రెండు నెలల తేడాలో బాధ్యతలు తీసుకున్నప్పుడు పత్రికలన్నీ ఒక విశేషం రాశాయి. ఇద్దరూ మధ్యప్రదేశ్‌లోని రీవా సైనిక్ స్కూల్లో ఐదో తరగతి నుంచి సహాధ్యాయులు. ఒకరి రోల్ నంబరు 931, మరొకరిది 938. అంతకుముందు, 2019 చివర్లో ఇంకా విచిత్రం. త్రివిధ దళాల అధిపతులు ముగ్గురూ... జనరల్ నరవణే, అడ్మిరల్ కరమ్‌బీర్ సింగ్, ఎయిర్ చీఫ్ మార్షల్ భదౌరియా... ఎన్డీయే 56వ కోర్సువాళ్లే! అందులో కరమ్‌బీర్ సింగ్ ఆ పదవికి వెళ్లింది విశాఖ తూర్పు నౌకాదళం నుంచే.

ఇలాంటి కబుర్లు చదువుకోవడానికి బావుంటాయి. బ్యాచ్ అన్నాక అందరూ చీఫ్‌లు కారు కదా. అసలు కథ అక్కడుంది.

సైన్యంలో ప్రమోషన్లు గోపురంలాంటివి. కింద వెడల్పు, పైన ఒక్క కలశం. లెఫ్టినెంట్ కల్నల్ వరకూ సర్వీసుని బట్టి వస్తాయి. ఆ పైన ఎంపిక బోర్డు. ఒకే రోజు ఒకే మైదానంలో భుజాన నక్షత్రాలు పెట్టుకున్నవాళ్లలో కొందరి పేర్లు జాబితాలో ఉంటాయి, ఎక్కువమందివి ఉండవు. అప్పటికి వాళ్ల వయసు నలభైకి అటూఇటూ. పిల్లలు హైస్కూల్లో ఉంటారు. నిన్నటి దాకా పక్క మంచం మీద పడుకున్నవాడికి రేపట్నుంచి సెల్యూట్ కొట్టాలి. రిటైర్మెంటూ అంతే... కల్నల్‌కి 54 ఏళ్లు, బ్రిగేడియర్‌కి 56, మేజర్ జనరల్‌కి 58, లెఫ్టినెంట్ జనరల్‌కి 60. ఒకేసారి చేరినవాళ్లు ఒక్కొక్కరే వేర్వేరు స్టేషన్లలో దిగిపోయినట్టు వెళ్లిపోతారు.

"ఆ పదిహేనేళ్లూ మా బ్యాచ్ అసలు కలవలేదమ్మా" అన్నారు ఆ నేవీ పెద్దాయన. "ఒకడు పార్టీకి పిలిస్తే ఇంకొకడు రాడు. వచ్చినా వాళ్ల ఇల్లాళ్లు ఎక్కడ కూర్చోవాలో తెలియక ఇబ్బంది. అందరమూ రిటైరయ్యాక, ఆఖరి జనరల్ కూడా యూనిఫాం విప్పేశాక, అప్పుడు మళ్లీ మొదలైంది."

నాకైతే ఈ మాట చాలా నిజాయతీగా అనిపించింది. స్నేహం ఏనాడూ చెదరలేదని చెప్పే రీయూనియన్ ప్రసంగాల కంటే ఇదే నమ్మబుద్ధవుతుంది. డెహ్రాడూన్ అకాడమీలో శిక్షణ ముగించే కుర్రాళ్లు చివరి మెట్లెక్కి వెళ్లేటప్పుడు బ్యాండు వాయించేది 'ఆల్డ్ లాంగ్ సైన్' అనే స్కాట్లండ్ పాట బాణీ. పాత నేస్తాలను మరవకూడదన్నది ఆ పాట సారం. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో దాని అర్థం ఎవరికి తెలుస్తుంది చెప్పండి!

సరే, మళ్లీ అరకు బండి దగ్గరికి వద్దాం. నాలుగు గంటల ప్రయాణం, దారిపొడవునా సొరంగాలు. సొరంగంలోకి బండి దూరగానే కేకలు వేయడం స్కూలు పిల్లల లక్షణం అనుకుంటాం గానీ, మోకాలికి చిప్ప మార్పించుకున్నవాళ్లు కూడా వేస్తారు. సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషను వచ్చేసరికి స్వెట్టర్లు బయటికొస్తాయి. గతంలో అయితే ముందు బొర్రా గుహల దగ్గర దిగేవారు. లోపల మెట్లు ఎక్కువ. బ్యాచ్ వయసు ఎంతో తెలుసుకోవాలంటే వాళ్ల ప్రయాణ పట్టిక చూస్తే చాలు. అరవైల్లో బొర్రా ఉంటుంది. డెబ్భైల్లో బొర్రా ఎగిరిపోయి, పద్మాపురం తోట మిగులుతుంది. అక్కడంతా చదును.

ఆ తోటకి వీళ్లు రావడం కూడా సబబే. అది పుట్టిందే సైనికుల కోసం. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1942లో, జవాన్లకు కూరగాయలు పండించి పంపడానికి వేసిన తోట. ఇప్పుడు గులాబీలు చూడ్డానికి వెళ్తున్నాం. క్యాబేజీ పండిన మడుల మీద ఫొటోలు దిగుతున్నాం.

సాయంత్రం థింసా ఆట ఉంటుంది. గిరిజన మహిళలు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసి, గొలుసులా కట్టుకుని డోలు దెబ్బకి అడుగేస్తారు. అతిథుల్నీ లాగుతారు. యాభై ఏళ్లు లెఫ్ట్ రైట్ చేసిన కాళ్లు ఉన్నట్టుండి ఆ లయకి తడబడతాయి. చూసేవాళ్లకి నవ్వే నవ్వు. రాత్రి బొంగులో చికెన్ ఉంటుంది గానీ తినేవాళ్లు తక్కువ. మాత్రలు వేసుకోవాలి కదా.

ఆ మాత్రల తర్వాత జరిగే సమావేశం మాత్రం చాలామందికి తెలియదు. ఒక నోటుబుక్కు బయటికొస్తుంది. ఎవరు ఎలా ఉన్నారు, ఎవరు ఫోను ఎత్తడం లేదు, ఎవరి భార్యకి కుటుంబ పింఛను ఇంకా మొదలుకాలేదు... ఇవీ అందులోని అంశాలు. సైనిక పింఛన్లన్నీ ఇప్పుడు 'స్పర్శ్' అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి వెళ్లాయి. ఏటేటా 'నేను బతికే ఉన్నాను' అని అందులో నమోదు చేయాలి. కొడుకు అమెరికాలో, తను ఒక్కతే పల్లెలో ఉన్న డెబ్భై ఏళ్ల ఇల్లాలికి అది ఎవరు చేసిపెడతారు? మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు ఎవరు తెచ్చిపెడతారు? భర్త పోయాక కూడా ఆమెని బ్యాచ్ జాబితాలోంచి తీసెయ్యకూడదన్నది చాలా కోర్సుల్లో ఉన్న కట్టుబాటు. అరకు బండిలో ఆమెకూ ఓ సీటు ఉంటుంది. తన భర్త పదేళ్లప్పుడు ఎంత అల్లరివాడో చెప్పగలిగేవాళ్లు ఆమెకి ఇంకెక్కడ దొరుకుతారు?

జాబితాలో ఇంకో రకం పేర్లుంటాయి. శిక్షణ సగంలో గాయపడి వెనక్కి వచ్చేసినవాళ్లు. బాక్సింగ్‌లోనో, ఈతకొలనులోనో, గుర్రం మీంచి పడో వెన్ను విరిగిన కుర్రాళ్లు. అప్పటికింకా ఆఫీసర్లు కాలేదు కాబట్టి చట్టం దృష్టిలో వాళ్లు మాజీ సైనికులు కారు. పింఛను లేదు, నెలనెలా ఇచ్చే కొద్దిపాటి సొమ్ము తప్ప. 2025 ఆగస్టులో పత్రికలో వచ్చిన కథనం చూసి సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయాన్ని విచారణకు తీసుకుంది. 1985 నుంచి అలా ఇంటికి పంపినవాళ్లు సుమారు 500 మంది అని ఆ కథనం లెక్క. ఆ నెలాఖరుకే కేంద్రం వాళ్లకి కూడా ఈసీహెచ్ఎస్ వైద్యం వర్తింపజేసింది. ఇన్నేళ్ల తర్వాత! కానీ ఆ కుర్రాడు ఎవరో, ఏ ఊళ్లో ఉన్నాడో, ఈ సదుపాయం వచ్చిందని అతనికి చెప్పాల్సింది ఎవరు? ప్రభుత్వం దగ్గర ఫైలుంటుంది. ఫోన్ నంబరు మాత్రం బ్యాచ్ నోటుబుక్కులో ఉంటుంది.

ఇక, వయసుతో పని లేకుండా తగ్గిపోయే బ్యాచ్‌లు కూడా ఉంటాయి. సూర్యాపేట నుంచి కోరుకొండ వచ్చి చదువుకుని, ఎన్డీయే మీదుగా 16 బిహార్ రెజిమెంట్‌కి వెళ్లిన కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ప్రాణాలొదిలారు. 2021లో మహావీర చక్ర ప్రకటించారు. ఆయన తరగతివాళ్లకి అప్పటికి నలభై కూడా నిండలేదు. వాళ్లు డెబ్భైల్లోకి వచ్చి ఏ కొండ ప్రాంతంలో కలుసుకున్నా, ఒకడు మాత్రం ఎప్పటికీ ముప్ఫైల్లోనే ఉంటాడు.

మా నేవీ పెద్దాయన నోటుబుక్కులో ప్రతి పేరు పక్కనా ఓ గుర్తు ఉంది. పోయినవాళ్లకి చిన్న నక్షత్రం. ఫోను ఎత్తేవాళ్లకి టిక్కు. ఒక్క పేరు పక్కన మాత్రం ప్రశ్నార్థకం. పదో తరగతిలో ఇంట్లో పరిస్థితి బాగోక బడి మానేసి వెళ్లిపోయిన కుర్రాడట. సైన్యంలో చేరనే లేదు. రోల్ నంబరు ఉంది, ఊరిపేరు ఉంది. వీళ్లలో కొందరు బ్రిగేడియర్లయ్యారు, ఒకరు ఓడకు కెప్టెనయ్యారు. అతను ఏమయ్యాడో ఎవరికీ తెలీదు.

"మరి మీ బ్యాచ్ కింద లెక్కేనాండీ?" అని అడిగాను.

ఆయన నా వంక అదోలా చూశారు. "మూడేళ్లు నా పక్క మంచం వాడిదేనమ్మా" అన్నారు. పంచాయతీ ఆఫీసుకి ఉత్తరం రాశారట, జవాబు రాలేదట. ఈ చలికాలం అరకు టిక్కెట్లు తీసేలోపు ఆ ఊరు తానే స్వయంగా వెళ్లి వస్తానన్నారు. బస్సు ఎక్కడ మారాలో కూడా కనుక్కుని పెట్టుకున్నారు.