ఐడీ కార్డు లేనివాళ్లు

హైదరాబాద్ మాదాపూర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. అప్పటినుంచి ఇక్కడి ఆడవాళ్ల ఉపాధి అనగానే మన పత్రికలకు మెడలో ఐడీ కార్డే కనబడుతోంది. ఆ కార్డు ఉన్నవాళ్లకు 2017 చట్టసవరణ 26 వారాల ప్రసూతి సెలవు తెచ్చింది. మంచిదే. వాళ్లింట్లో వంటచేసే ఆవిడకు మాత్రం కాన్పు అంటే చాలాసార్లు పని పోవడమే. ఇంటిపనివాళ్ల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన ఒప్పందాన్ని మన దేశం ఇంకా ధ్రువీకరించనేలేదు.

ఆరోగ్యం సంగతీ అంతే. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది ఇక్కడి తార్నాకలోనే అయినా!

ఇక పనికి వెళ్లిరావడం సంగతి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. బస్సులో రద్దీ గురించి జోకులు చాలానే వచ్చాయి. ఇంటిపనివాళ్లకు అలా మిగిలిన డబ్బు దేనికి ఖర్చయింది, దూరంలో దొరికే మెరుగైన పనికి వాళ్లు వెళ్లగలిగారా అన్నది నాకు అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. పరిశోధన అక్కడ మొదలవ్వాలి.

గచ్చిబౌలి, కొండాపూర్ అపార్టుమెంట్లలో ఉండే పాఠకులకు ఒక మనవి: మీ ఇంట్లో పనిచేసేవారికి జీతంతో కూడిన సెలవులు ఎన్ని ఇస్తున్నారో, పేర్లు లేకుండా, మాకు రాయండి.