వెండితెర ముచ్చట్లు: బల్ల మీద పుట్టిన కథ తెరకెక్కాలంటే

పుస్తకం చదివి మురిసినవాడికి సినిమా నచ్చదు, సినిమా చూసి మురిసినవాడు పుస్తకం ముట్టడు. ఇది లోకరీతి. అయితే ముందు ఆటగా పుట్టి, ఆటలోంచి నవలై, నవలలోంచి తెర మీదికి రాబోయి బోర్లాపడ్డ కథ ఒకటుంది. ఈసారి ముచ్చట దాని గురించే. బెంగళూరులోనో పుణెలోనో కాలేజీ చదువుల్లో ఉన్న పిల్లల్ని అడిగితే ఆ ఆట పేరు చెప్పేవాళ్లు కొందరైనా ఉంటారు. పెద్దవాళ్ల కోసం మొదటి నుంచీ చెప్పుకొద్దాం.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తయారుచేశారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లోని టి.ఎస్.ఆర్. అనే కంపెనీ దాన్ని అచ్చేసి అమ్మింది. ఇది మన వైకుంఠపాళీ లాంటిది కాదు. నిచ్చెనలూ లేవు, పాములూ లేవు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వాళ్లలో ఒకరు సూత్రధారి. "మీరొక పాడుబడ్డ కోట ముందు నిలబడి ఉన్నారు. లోపల్నుంచి ఎవరిదో మూలుగు వినిపిస్తోంది. ఏం చేస్తారు?" అని అడుగుతాడు. మిగతావాళ్లలో ఒకరు కత్తివీరుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ. ఎవరి పాత్ర ఏం చేస్తుందో వాళ్లే నోటితో చెబుతారు. చేసిన పని ఫలించిందా, బెడిసిందా అన్నది పాచిక తేలుస్తుంది. మనకు తెలిసిన ఆరు ముఖాల పాచిక ఒక్కటే కాదు, ఇరవై ముఖాలది కూడా ఉంటుంది. ఒకరు గెలిచి ఇంకొకరు ఓడడం ఉండదు. కథ ముందుకు సాగడమే ఆట.

1982లో ట్రేసీ హిక్‌మన్ అనే యువకుడికి ఆ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. భార్య లారాతో కలిసి కారులో ఉద్యోగానికి బయలుదేరాడు. ఆ దూర ప్రయాణంలో భార్యాభర్తలిద్దరూ కాలక్షేపానికి ఒక లోకాన్ని ఊహించుకున్నారు. దేవతలు అలిగి వెళ్లిపోయిన లోకం అది. డ్రాగన్లు మళ్లీ వచ్చి ఊళ్లు తగలబెడుతున్న లోకం. అదే తర్వాత డ్రాగన్‌లాన్స్ అయింది. కంపెనీ వాళ్లు దాన్ని ఆట పుస్తకాల వరసగానూ, నవలలుగానూ ఒకేసారి తేవాలనుకున్నారు. నవల రాసే పని చివరికి హిక్‌మన్‌కీ, అక్కడే సంపాదకురాలిగా ఉన్న మార్గరెట్ వైస్‌కీ దక్కింది. 1984లో మొదటి నవల 'డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్విలైట్' వచ్చింది. 1985లో మరో రెండు వచ్చి మూడు పుస్తకాల కథ పూర్తయింది. పాఠకులు విరగబడి కొన్నారు.

ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి. నవల రాయకముందు మిత్రులంతా హిక్‌మన్ ఇంట్లో కూర్చుని ఈ ఆట ఆడి చూశారు. కథలో రెయిస్ట్లిన్ అని ఒక మాంత్రికుడున్నాడు. రోగిష్ఠివాడు, మహా తెలివైనవాడు. ఆ పాత్ర వంతు వచ్చిన మిత్రుడు మామూలుగా మాట్లాడకుండా, గొంతు జీరపోయినట్టు గుసగుసగా మాట్లాడాడట. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఆ గుసగుస నవలలోకి నేరుగా నడిచివచ్చింది. లక్షలాది పాఠకులు ఇవాళ్టికీ మరిచిపోలేని పాత్ర ఒక మిత్రుడి గొంతులోంచి అలా పుట్టింది. ఏ రచయితా గదిలో ఒంటరిగా కూర్చుని కల్పించింది కాదు.

ఆటలోంచి వచ్చిన కథకు ఉన్న బలం ఇదే. బలహీనత కూడా అక్కడే ఉంది. బల్ల చుట్టూ కూర్చున్న ప్రతివాడికీ ఒక పాత్ర కావాలి కదా! అందుకే మొదటి నవలలో ఒక్క నాయకుడు కాదు, ఎనిమిది మంది బయలుదేరతారు. సగం మనిషి, సగం ఎల్ఫ్ అయిన టానిస్. పరువు కోసం ప్రాణమిచ్చే స్టర్మ్. కండలు తిరిగిన కారమన్, అతని కవల తమ్ముడు రెయిస్ట్లిన్. ముసలి మరుగుజ్జు ఫ్లింట్. చేతికి దొరికింది సంచిలో వేసుకునే టాసిల్‌హాఫ్. నీలి స్ఫటికపు కర్ర పట్టుకున్న గోల్డ్‌మూన్, ఆమెను ప్రేమించిన రివర్‌విండ్. అయిదేళ్ల ఎడబాటు తర్వాత పాత మిత్రులు చెట్టు మీద కట్టిన ఒక పూటకూళ్ల ఇంట్లో కలుసుకుంటారు. కొత్త జంట కూడా అక్కడే వాళ్లకు ఎదురవుతుంది. అక్కణ్ణుంచి కథ ఆగదు. దారిలో ఒక గండం, అది గడిస్తే ఇంకొకటి. ఆడేవాళ్లకు అది పండగ, చదివేవాళ్లకు కాలక్షేపం. తెర మీద చూసేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఎనిమిది పేర్లు గుర్తుపెట్టుకునేలోపే విశ్రాంతి కార్డు పడుతుంది.

2008 జనవరిలో సరిగ్గా అదే జరిగింది. మొదటి నవలను యానిమేషన్ చిత్రంగా తీసి డీవీడీ మీద విడుదల చేశారు. దర్శకుడు విల్ మ్యునియో. బొమ్మల పనిలో మన పొరుగున తిరువనంతపురంలో ఉన్న టూన్జ్ సంస్థకు కూడా చేయి ఉంది. రెయిస్ట్లిన్‌కు పేరున్న నటుడు కీఫర్ సదర్లాండ్ గొంతు ఇచ్చాడు. గోల్డ్‌మూన్‌కు లూసీ లాలెస్ ఇచ్చింది. ఇంత చేసినా చూసినవాళ్లు పెదవి విరిచారు. మనుషుల్ని మామూలు గీతల బొమ్మలుగా, డ్రాగన్లను కంప్యూటర్ బొమ్మలుగా చూపించడంతో రెండూ ఒకే లోకానివి అనిపించలేదు. అంతకంటే పెద్ద తప్పు కథనంలో ఉంది. నాలుగు వందల పేజీలు దాటిన నవలను గంటన్నరలో కుక్కారు. ఏ సంఘటనా వదల్లేదు, ఏ పాత్రా వదల్లేదు. అందుకని ఏదీ నిలవలేదు. ఫలానాది జరిగింది, తర్వాత ఫలానాది జరిగింది అన్నట్టు సాగింది. నవలకు విధేయంగా ఉన్నారని ఎవరూ అనకపోరు. పెళ్లిపత్రికలో బంధువుల పేర్లన్నీ వేసినంత మాత్రాన పెళ్లి కళ వస్తుందా?

జపాన్‌లో ఇదే పని ఎలా చేశారో చూడండి. గ్రూప్ ఎస్.ఎన్.ఇ. అనే బృందం ఇదే ఆట ఆడుతూ, తాము బల్ల దగ్గర మాట్లాడుకున్న మాటల్నే 1986 నుంచి 'కాంప్టిక్' అనే పత్రికలో వరసగా అచ్చువేయించింది. సూత్రధారిగా కూర్చున్న ర్యో మిజునో ఆ కథనే 1988 నుంచి నవలలుగా రాశాడు. పేరు 'రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్'. 1990లో దాన్ని యానిమేషన్‌గా తీశారు. ఒక్క సినిమాలో ఇరికించలేదు, వీడియో క్యాసెట్ల మీద పదమూడు భాగాలుగా తెచ్చారు. మొదటి భాగమే కథ మధ్యలో మొదలవుతుంది. ఆరుగురు ప్రయాణికులు అప్పటికే కలిసి ఒక పాడుబడ్డ గని సొరంగంలో నడుస్తూ ఉంటారు. ఎవరు ఎవరో ఎవరూ పరిచయం చెయ్యరు. ఒకళ్లనొకళ్లు ఎలా ఆటపట్టిస్తున్నారు, ప్రమాదం రాగానే ఎవరు ఎవరికి అడ్డం నిలబడుతున్నారు, అది చూసి మనమే తెలుసుకుంటాం. వీళ్లెలా కలిశారన్నది తర్వాత తీరిగ్గా వస్తుంది. చూసేవాడికి ఆ బల్ల దగ్గర తనకూ ఒక కుర్చీ వేసినట్టు ఉంటుంది. ఇది దేశదేశాల్లో అభిమానుల్ని సంపాదించుకుంది.

మరి పెద్ద తెర మాటేమిటి? 2000లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతోనే ఒక సినిమా వచ్చింది. దర్శకుడు కోర్ట్నీ సాలొమన్ ఇరవయ్యేళ్ల వయసులోనే హక్కులు సంపాదించి, ఏళ్ల తరబడి కష్టపడి తీశాడు. జెరెమీ ఐరన్స్ అంతటి నటుడున్నా పెట్టుబడి వెనక్కి రాలేదు. 2023లో 'హానర్ అమాంగ్ థీవ్స్' అని ఇంకొకటి వచ్చింది. జొనాథన్ గోల్డ్‌స్టీన్, జాన్ ఫ్రాన్సిస్ డేలీ కలిసి తీశారు. వీళ్లు ఏ నవలనూ పట్టుకోలేదు, ఆట స్వభావాన్ని పట్టుకున్నారు. అందులో ఒక శ్మశానం దృశ్యం ఉంది. శవాన్ని మాట్లాడించే మంత్రం ఒకటుంది, కానీ అయిదు ప్రశ్నలే అడగాలి. ఇది ఆటలో నిజంగా ఉన్న నియమమే. మన వీరులు తమలో తాము వాదించుకుంటూ ప్రశ్నలన్నీ పాడుచేసుకుంటారు. ఆట తెలిసినవాడు పాత జ్ఞాపకంతో నవ్వుతాడు, తెలియనివాడు అవస్థ చూసి నవ్వుతాడు. ఆ సినిమాలో వేసిన ప్రతి పథకమూ బెడిసికొడుతుంది, మళ్లీ ఇంకొకటి వేస్తారు. పాచిక ఎదురుతిరిగితే ఆడేవాళ్లు చేసే పనే అది.

విమర్శకులు మెచ్చుకున్నారు, చూసినవాళ్లు బాగుందన్నారు. కానీ సుమారు 15 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టిన సినిమాకు ప్రపంచమంతటా కలిపి వసూలైంది సుమారు 21 కోట్లు. అందులో థియేటర్ల వాటా, ప్రచారం ఖర్చు తీసేస్తే నిర్మాతకు మిగిలేది ఏమీ ఉండదు. మంచి సినిమా అయితే చాలదు, ఖర్చు కూడా అదుపులో ఉండాలన్నమాట.

డ్రాగన్‌లాన్స్‌కు ఇంకో చిక్కు ఉంది. 2001 నుంచి 2003 వరకు పీటర్ జాక్సన్ తీసిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు చిత్రాలూ లోకమంతా చూసింది. మూడోదానికి 11 ఆస్కార్లు వచ్చాయి. ఇప్పుడు ఎల్ఫు, మరుగుజ్జు, మాంత్రికుడు కలిసి ప్రయాణం కడితే "ఇది చూసిందే కదా" అంటారు. మరి తేడా ఎక్కడ చూపించాలి?

నన్నడిగితే, మొదటి మూడు నవలల్నీ పక్కన పెట్టమంటాను. 1986లో అదే రచయితలు 'లెజెండ్స్' పేరుతో మరో మూడు నవలలు రాశారు. మొదటివి ఆట పుస్తకాల వెంట నడిచాయి. వీటికి ఆ కట్టుబాటు లేదు. గుంపు తగ్గిపోయింది, అన్నదమ్ములు మిగిలారు. కారమన్ యుద్ధం అయిపోయాక తాగుడికి బానిసై ఒళ్లు పెంచుకున్నాడు. తమ్ముడు రెయిస్ట్లిన్ దేవుడినే ఓడించి తాను దేవుడు కావాలనుకుంటున్నాడు. అతని కంటిపాపలు ఇసుక గడియారాల్లా ఉంటాయి. విద్య కోసం అతను చెల్లించిన మూల్యం అది. ఎవరిని చూసినా వాళ్లు వడలిపోతున్నట్టే కనిపిస్తారు. ఆ కళ్లకు పువ్వు కనబడదు, వాడిన రెక్కలు కనబడతాయి. అటువంటి తమ్ముణ్ణి ఆపడమా, కాపాడడమా? ఆ అన్న ముందున్న సమస్య ఇది. ఇది ఏ దేశంవాడికైనా అర్థమవుతుంది. డ్రాగన్లు లేకపోయినా నిలబడే కథ.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథల్లో గురువు మణిసిద్ధుడు, గోపబాలుడు కాశీకి నడుస్తూ ఉంటే మజిలీకొక కథ వస్తుంది. ఎన్ని కథలో! 1951లో మద్రాసులో విజయా వారు 'పాతాళ భైరవి' తీసినప్పుడు కె.వి. రెడ్డి గారు, పింగళి నాగేంద్రరావు గారు ఆ కాశీ ప్రయాణమంతా తెరకెక్కించబోలేదు. ఒక్క కథ బీజం తీసుకున్నారు, దాన్ని తమకు కావలసినట్టు పెంచారు. తోటరాముడూ, నేపాళ మాంత్రికుడూ ఇవాళ్టికీ మన ఇళ్లలో తిరుగుతూనే ఉన్నారు.

అయితే డ్రాగన్‌లాన్స్‌కు ఆ ఎంపిక చేసే చెయ్యి ఎవరిది? ఇక్కడే మనసు చివుక్కుమంటుంది. ఆ లోకం దాన్ని ఊహించినవాళ్లది కాదు. వాళ్లు కంపెనీ ఉద్యోగులుగా రాశారు కాబట్టి అది కంపెనీ సొత్తు. 1997లో టి.ఎస్.ఆర్.ను విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొన్నది. 1999లో విజర్డ్స్‌ను బొమ్మల కంపెనీ హాస్బ్రో కొన్నది. లోకం చేతులు మారింది. కొత్త నవలల ఒప్పందం విషయంలో 2020లో రచయితలిద్దరూ కోర్టుకెక్కి, కొద్ది నెలల్లోనే దావా వెనక్కి తీసుకున్నారు. 2022లో వాళ్ల కొత్త నవల వచ్చింది. ఈ నవలల మీద ప్రాణం పెట్టుకున్న నటుడు జో మాంగనియెల్లో వీటిని తెరకు తేవాలని ఎంతో పాటుపడి, అది ముందుకు సాగడం లేదని 2024లో చెప్పాడు. కారు ప్రయాణంలో భార్యాభర్తలు ముచ్చటగా అల్లుకున్న కథ సినిమా కావాలంటే ఇప్పుడు లెక్కలు చూసే పెద్దలు తలూపాలి.

ఆ రోజు ఎప్పటికైనా వస్తే తీసేవాళ్లు డ్రాగన్ల రెక్కల మీద పెట్టే డబ్బులో కొంత మిగుల్చుకుని, ఆ అన్నదమ్ములు ఒక గదిలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే దృశ్యం మీద మనసు పెట్టాలని కోరుకుందాం. హిక్‌మన్ ఇంట్లో మిత్రుల్ని ఉలిక్కిపడేలా చేసిన ఆ జీరగొంతు గుసగుసకు ఖర్చేమీ కాలేదు.

ఈలోగా మన పిల్లలు సెలవుల్లో ఇంటికొచ్చి నలుగురు స్నేహితుల్ని పోగేసి, ఇరవై ముఖాల పాచికలు దొర్లిస్తూ అర్ధరాత్రి దాకా కూర్చుంటే కోప్పడకండి. వాళ్లు చేస్తున్నది జూదం కాదు, కథ అల్లడం. వీలైతే మీరూ పక్కన కూర్చుని ఒక పాత్ర అడగండి. మాంత్రికుడి పాత్ర దొరికితే గొంతు కాస్త మార్చి మాట్లాడండి, ఏమౌతుందో చూద్దాం.