దౌత్యం మాటలూ, కూలి రేట్లూ

విదేశాంగ విధానం, దౌత్యం అనగానే పెద్దోళ్ల ముచ్చట అనుకుంటాం. కాని శంషాబాద్ విమానాశ్రయంలో గల్ఫ్ విమానమెక్కే మన పల్లెల కూలీలను చూడండి. వాళ్ల కూలి ఆ మాటల మీదే ఆధారపడి ఉంది.

ఒప్పందం అంటే రెండు ప్రభుత్వాలూ కట్టుబడవలసింది. అవగాహనా పత్రం అంటే మంచి మాటల చిట్టా; మాట తప్పితే నిలదీసే దారి తక్కువ. కార్మికుల గురించి 2006లో యు.ఎ.ఇ.తో, 2007లో కువైట్‌తో రాసుకున్నవి అవగాహనా పత్రాలే.

కనీస రెఫరల్ వేతనం అంటే, ఇంతకు తక్కువిస్తే మా మనిషిని పంపం అని మన ప్రభుత్వం పరాయి యజమానికి చెప్పే మాట. 2020 సెప్టెంబరులో కేంద్రం ఆరు గల్ఫ్ దేశాలకు ఈ రేటును 30 నుంచి 50 శాతం దాకా కోసింది. కరోనాలో ఉద్యోగాలు నిలబెట్టడానికే అన్నది. పార్లమెంటులో చర్చ లేదు, సర్క్యులర్ కాగితం చాలింది. తెలంగాణ గల్ఫ్ కార్మికుల సంఘాలు ఊరుకోలేదు, హైకోర్టుకెక్కాయి. 2021 జూలైలో పాత రేట్లు తిరిగొచ్చాయి.

రేటు గట్టిగా అడిగితే నేపాల్, బంగ్లాదేశ్ కూలీలను పెట్టుకుంటారని భయపెడతారు. నాట్లప్పుడు పక్కూరి కూలీలను చూపి మన రేటు తగ్గించే ఆసామి మాటా ఇదే కదా! అక్కడ మనమేం చేస్తున్నాం? పక్కూరోళ్లతో కూడా కూర్చుని ఒకే రేటు మీద నిలబడుతున్నాం. కూలీలను పంపే దేశాలు కూడా అట్లా నిలబడాలి. అదీ అసలు దౌత్యం.

కట్టుబడే ఒప్పందాలు కావాలి. రేటు మార్చేముందు కూలీల సంఘాలను పిలిచి మాట్లాడాలి. ఊరూరా ఈ డిమాండు వినిపించండి.