ముట్లుడిగే వేళ ఒక పాట

ఈ వారం మీ జాబులకు జవాబులు కాస్త పక్కన పెట్టి, మా చెల్లెలి సంగతి చెప్పాలనుకుంటున్నాను. చెల్లెలంటే మా చిన్నాయన కూతురు. ఆమెను గరిడేపల్లికి ఇచ్చారు. హుజూర్‌నగర్‌కు దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత ఆ ప్రాంతమంతా వరిమయమైంది. వరి అంటే నాట్లు, నాట్లంటే పాటలు. నడుములు వంచి, బురదలో వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ ఒకామె ఎత్తుకుంటే పదిమంది అందుకునేవారు. ఎత్తుకునేది మా చెల్లెలే. బతుకమ్మ దగ్గరా అంతే. ఆమె వచ్చేదాకా ఆట మొదలయ్యేది కాదు.

శ్రావణమాసంలో వాళ్ళింటికి వెళ్ళాను. అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చి చూస్తే పక్క మంచం ఖాళీ. వాకిట్లో అరుగుమీద కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. రవికె చెమటకు తడిసిపోయింది.

"ఏందే, నిద్ర వస్తలేదా?"

"రోజూ ఇదే కత అక్కా. ఛాతిలకెల్లి మంట లేసి మొకం దాకా వస్తది. చెమటలు పోస్తయి, మల్ల చలి పెడ్తది. పొద్దున ఏ పని మీదా మనసు నిలవదు. ఊకె ఏడుపొస్తది. ఎవరికని చెప్పుకోను?"

ఆమెకు 48 ఏళ్ళు. ముట్లుడిగి ఏడాది కావస్తోంది. అత్తగారితో అంటే "మేమంతా ఆ వయసు దాటి రాలేదా?" అన్నారట. పట్నంలో ఒక డాక్టరేమో గర్భసంచి తీసేస్తే పీడ వదులుతుందన్నారట. పంట చేతికొచ్చాక ఆపరేషను. అప్పు కూడా మాట్లాడి పెట్టుకున్నారు!

నాకు నోట మాట రాలేదు. ఈ ఆవిర్లు గర్భసంచిలో పుట్టేవి కావు. అండాశయాలలో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గిపోతే, మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే కేంద్రం చిన్నపాటి వేడికే కంగారుపడుతుంది. చర్మంలోని రక్తనాళాలను విప్పి, చెమట పట్టిస్తుంది. నాలుగైదు నిమిషాలలో చల్లబడి వణుకు వస్తుంది. రాత్రిళ్ళు ఇలా నిద్ర తెగితే పగలు మనసు దిగులు పడక ఏం చేస్తుంది? ముట్లింకా పూర్తిగా ఆగని స్త్రీకి గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేశారా, ఆవిర్లు ఒక్కసారిగా, మరింత ఉధృతంగా మొదలవుతాయి. అవసరమైనవారికి ఆ ఆపరేషను ప్రాణరక్షణే, కాదనను. కాని మన దగ్గర అది మరీ తేలిక మాటైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీసివేసినవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురైతే, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది.

మర్నాడే ఆమెను వెంటబెట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ ఓపికగా విన్నది. రక్తపుపోటు చూసి, రక్తహీనతకూ థైరాయిడ్‌కూ పరీక్షలు వ్రాసింది. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా చెమటలూ గుండెదడా వస్తాయి గదా! ఆపరేషను మాట అక్కరలేదంది. ఆవిర్లు భరించలేనంతగా ఉంటే హార్మోను మందులున్నాయి, అవి డాక్టరు కనిపెట్టి చూస్తుండగానే వాడాలి. ముట్లాగి నిండా 12 నెలలు గడిచాక ఒక్క చుక్క కనిపించినా ఆలస్యం చేయకుండా రమ్మంది. ఈ చివరి మాట పాఠకురాళ్ళందరూ గుర్తుంచుకోవాలి సుమా!

చివర్లో "ఏం చేస్తే నీకు మనసు తేలికపడుతుందమ్మా?" అని అడిగింది.

"ఎనుకట పాటలు పాడేదాన్ని."

"ఎందుకు మానేశావు?"

"నాట్లకు ఇప్పుడు బీహారోళ్ళు వస్తున్నరమ్మా. గుంపు లేకపాయె, పాట యాడిది? బతుకమ్మకు పోదామంటే, నలుగురిల ఈ చెమటలు పోస్తే సిగ్గయితది."

దీనికి సంగీత చికిత్స అని పెద్ద పేరే ఉంది. టర్కీ దేశంలో ఈ వయసు స్త్రీలకు కొన్ని వారాలపాటు సంగీతం వినిపించి చూశారు. దిగులూ, ఇతర బాధలూ కొంత తగ్గాయని తేలింది. పాల్గొన్నవారు కొద్దిమందే కనుక దాన్ని మందని నేననను. ఏ జబ్బుకు ఏ రాగమో పట్టిక వేసి పంపమని కొందరు సోదరీమణులు వ్రాస్తుంటారు. అలాటి పట్టికలమీద నాకు నమ్మకం లేదు. పదిహేనేళ్ళ వయసులో మీకు ఏ పాట ప్రాణమో అదే మీ రాగం. ఫోనులో వినడం మంచిదే. పాడగలిగితే మరీ మంచిది: ఊపిరి నిదానంగా సాగుతుంది, నలుగురి తోడు దొరుకుతుంది. (మా మేనకోడలు చెవుల్లో తీగలు పెట్టుకుని ఒక్కతే వింటుంది, పిలిచినా పలకదు. దాన్ని నేను తోడనను.)

నేనున్న వారం రోజులూ మధ్యాహ్నం పూట ఇరుగుపొరుగు వారిని పిలిపించాను. చేటలతో బియ్యం చెరుగుకుంటూ కూర్చున్నాం. మొదటి రోజు మా చెల్లెలు గొంతు పెగల్లేదు. రెండోనాడు ఒక ముసలమ్మ కావాలనే పాట తప్పుగా ఎత్తుకుంది. దిద్దడానికని చెల్లెలు నోరు విప్పింది. మరి ఆపలేదు.

సద్దుల బతుకమ్మనాడు మళ్ళీ వెళ్ళాను. ఆట మధ్యలో ఆమె ముఖం ఎర్రబడింది, చెమటలు దిగాయి. పక్కామెకు పాట అప్పగించి, కొంగుతో ముఖం తుడుచుకుని, వలయంలోనే నడుస్తూ చప్పట్లు కొట్టింది. రెండు చుట్లు తిరిగాక పాట తిరిగి అందుకుంది.

రాత్రి ఆవిర్లు ఇంకా వస్తూనే ఉన్నాయట. నిద్ర మాత్రం కాస్త పడుతోందంది. ఆపరేషనుకు మాట్లాడిన అప్పు అక్కరలేదని మా మరిది కబురు చేశాడట.