తాళం ఎయ్యకుండనే బాగు చెయ్యాలె

నగరంలో ఒక బస్తీ. దాని పేరు రాయం. రాస్తే రేపు పొద్దుగాల్లనే జీపు వచ్చి నిలబడ్తది. ఆ బస్తీలో కల్లు కాంపౌండుకు మరమ్మతు జరుగుతున్నదని, దుకాణం మాత్రం బందు పెట్టలేదని తెలిసి చూసొద్దామని పోయినం. పత్రికోళ్లకు కల్లు కాంపౌండుతో ఏం పని అని కొందరు నవ్వవచ్చు. నవ్వనియ్యండి. తెలంగాణ ఉద్యమంలో మోకు, ముస్తాదు భుజాన ఏసుకొని రోడ్డెక్కిన గీత కార్మికుల ఫొటోలు అచ్చేసుకున్న పత్రికలకు, వాళ్ల కల్లు అమ్ముడుపోయే జాగ ఎట్లున్నదో చూసే బాధ్యత లేదా?

మేము పోయేసరికి సగం షెడ్డు మీద రేకులు లేవు. నడుమ పెద్ద టార్పాలిన్ పరదా కట్టిండ్రు. పరదాకు అటు మేస్త్రీ, ఇద్దరు కూలీలు. ఇటు కౌంటరు, సీసాల డబ్బాలు, బండల మీద కూసున్న జనం. పగలగొట్టే పని అంతా పొద్దున ఆరు నుంచి పది లోపలే. ఆ తర్వాత చప్పుడు లేని పనులే చేస్తరు: గోడకు పూత, పైపు బిగించుడు, నీళ్లు కొట్టుడు. కౌంటరు ఇప్పటికే మూడుసార్లు జాగ మారిందట. సీసాలు కడిగే తొట్టి మొదట దుమ్ము వచ్చే దిక్కుకే ఉండె. ఒక ముసలమ్మ సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసి, "కల్లు తాగనొస్తిమా, సిమెంటు తాగనొస్తిమా గౌడన్నా" అని నలుగురిలో అడిగినంక తొట్టిని గల్లీ వైపు మార్చిండ్రు. గుడాలు, బోటి అమ్మే ఆమెకు షెడ్డులో జాగ పోయింది. వేపచెట్టు కింద పొయ్యి పెట్టుకున్నది. గిరాకి తగ్గలేదు గని పొగకు కండ్లు మండుతున్నయన్నది.

"పదిహేను రోజులు బందు పెట్టి పని మొత్తం ఒక్కసారి చేసుకుంటే మేస్త్రీ ఖర్చన్నా తగ్గేది గదా" అని అడిగినం. కౌంటరు మీదున్న పెద్దాయన మా దిక్కు జాలిగ చూసిండు. "మీరు చదువుకున్నోళ్లు. మరి చెట్టుకు సెలవు ఇయ్యమంటరా?" అన్నడు.

ఆ ఒక్క మాట కాడ ఆగి ఆలోచించాలె. బ్రాందీ షాపు నెల రోజులు మూసిపెట్టినా సీసాలోని సరుకుకు ఏం కాదు. కల్లు అట్ల కాదు. తాడైనా, ఈత అయినా గీసిన గాయం పచ్చిగ ఉంటెనే పారుతది. తాటిచెట్టుకైతె పొద్దుమాపు ఎక్కి గెల కొసను పల్చగ గీసి లొట్టి కట్టాలె. నాలుగు రోజులు ఎక్కకపోతే గాయం ఎండుతది, పార ఆగుతది. ఆ గెల పని అయిపోయినట్టె. మళ్లా కొత్త గెల కోసం చూడాలె, లేకుంటె ఆ ఏడు ఆ చెట్టును మర్సిపోవాలె. దించిన కల్లు కూడా ఆగదు. దించంగనే పులుసుడు మొదలైతది, తెల్లారేసరికి పుల్లగైతది. నిల్వకు పనికిరాని సరుకు ఇది. నగరంలో కాంపౌండు పదిహేను రోజులు బందు పడితే, ఎక్కడో ఊళ్లె చెట్టెక్కే మనిషికి ఆ పదిహేను రోజుల కూలి పోవుడే కాదు, ఆ కాలం మొత్తం పోతది. అందుకే ఆ పెద్దాయన పరదా కట్టిండు. ఆయనకు ఇంజనీరు చెప్పలేదు, చెట్టు చెప్పింది.

ఇంత చిన్న ఇంగితం మన పాలకులకు 2004లో లేకపోయింది. ఉమ్మడి రాష్ట్రంలో, ఆ ఏడు జంట నగరాల్లోని కల్లు దుకాణాలకు ఒక్క ఆర్డరుతో తాళాలు పడ్డయి. నగరం చుట్టూ చెట్లే లేవు, వచ్చేదంతా కల్తీ అన్నరు. కల్తీ ఉన్న మాట అబద్ధం కాదు. మేమూ ఆ మాట అనం. కాని కల్తీ చేసినోడిని పట్టుకునే కష్టం పడకుండ, తాళం పట్టుకున్నరు. ఆ తాళం పదేండ్లు ఉన్నది. ఆ పదేండ్లల్లో బస్తీలో కూలినాలి చేసుకునేటోడు తాగుడు మానిండా? వాడు వైన్‌షాపుకు నడిచిండు. గుడుంబాకు నడిచిండు. చెట్టెక్కే మనిషి మోకు అటుక మీద పారేసి నగరానికి వచ్చి వాచ్‌మన్ అయిండు. కాంపౌండు జాగల విలువ మాత్రం పెరిగింది. దాని మీద ఎవరి కన్ను పడిందో రాయాలంటె ఇంకో వ్యాసం కావాలె.

2014లో మన రాష్ట్రం వచ్చినంక తాళాలు తీసిండ్రు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నరని అప్పుడు మేమూ సంబురపడ్డం. చెట్ల రఖం రద్దు చేసిండ్రు, అదీ మంచిదే. కాని తాళం తీసుడు ఒకటి, బాగు చేసుడు ఒకటి. పదేండ్లు మూసి ఉన్న షెడ్డును తుడిచి, పాత డబ్బాలే పెట్టి, పాత పద్ధతిలోనే నడిపిండ్రు. ఏ చెట్టు కల్లు ఏ సీసాలోకి వస్తున్నదో అడిగినోడు లేడు. అడిగితే గీత వృత్తి మీద దాడి అన్నరు. ఓట్ల లెక్క అడ్డమొచ్చింది. ఆ ఊకున్న పాపమే 2025 జూలైలో కూకట్‌పల్లి దిక్కు బయటపడ్డది. కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయిండ్రు, ఎంతోమంది దవాఖాన్ల పాలైండ్రు. చచ్చిపోయినోళ్లు ఎవరు? రోజు కూలీలు, ముసలోళ్లు, ఆడోళ్లు. మన మనుషులే. వెంటనే టీవీ స్టూడియోల నుంచి పాత పాట మొదలైంది: కాంపౌండ్లన్నీ మూసెయ్యాలె.

మూసుడు ఎంత ప్రమాదమో అర్థం కావాలంటె కల్తీ అంటె ఏందో తెలవాలె. నీళ్లు కలుపుడు, శాక్రిన్ కలుపుడు పాత ముచ్చట. ఆ తర్వాత క్లోరల్ హైడ్రేట్ వచ్చింది. దాని వెనుక డైజిపాం, అల్ప్రాజోలం. ఇవి నిద్రకు, ఆందోళనకు డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులు. చీటీ లేకుండ, లెక్క లేకుండ, పొడి రూపంలో కల్లులోకి వస్తున్నయి. రోజూ ఆ సీసా తాగిన మనిషికి తెల్వకుండనే ఒళ్లు ఆ మందుకు అలవాటు పడ్తది. ఆయన కల్లు తాగుతున్న అనుకుంటడు, తాగేది మందు. ఒక్కసారి అది బందైతే చేతులు వణుకుతయి, నిద్ర పట్టదు, లేని మనుషులు కనబడ్తరు, ఫిట్స్ వస్తయి. ప్రాణం కూడా పోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు, మద్యం అన్నీ ఒక్కసారి బందైనప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముంగట కట్టిన వరుసలు మర్సిపోయినమా? అప్పుడు ఎవరూ విషం కలపలేదు. తాళమే మనుషులను అక్కడికి పంపింది.

అంటె కల్తీ నడవనియ్యమంటున్నరా అని అడుగుతరు. కాదు. మందు కలుపుడు ఆగాలె, తాగేటోళ్లకు వైద్యం అందాలె, రెండూ ఒక్క కాలంలో జరగాలె. ఆ వైద్యం ఎట్ల చెయ్యాల్నో డాక్టర్లకు తెలుసు. మందు మోతాదు మెల్లమెల్లగ తగ్గిస్తరు. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానలు ఉన్నయి. ఆ డాక్టరు వారానికి ఒక పూట కాంపౌండు కాడికి వచ్చి కూసుంటె తప్పేంది? మనిషి దొరికే జాగ అదే. తాళం పడితే వాడు మళ్లా దొరకడు.

ఇగ దొంగను పట్టుకునుడు ఎట్ల? దీనికి పెద్ద ప్రయోగశాల కన్నా ముందు ఎక్కాల పుస్తకం కావాలె. ప్రతి దుకాణానికి ఇన్ని చెట్లు అని కాగితం మీద రాసి ఉంటది. అనుకుందాం, ఒక దుకాణానికి 100 చెట్లు. చెట్టుకు రోజుకు 3 లీటర్ల లెక్క కట్టినా 300 లీటర్లు. 650 మిల్లీలీటర్ల సీసా లెక్కన 461 సీసాలు. అన్ని చెట్లు ఒక్కసారి పారవు గనుక నిజానికి ఇంకా తక్కువే రావాలె. అక్కడ రోజుకు రెండు వేల సీసాలు పోతున్నయంటె, మిగిలినయి ఏ చెట్టు పారింది? ఈ లెక్క చెయ్యడానికి ఎక్సైజు శాఖలో మనిషి లేడా? ఉన్నడు. గల్లీ చివర నిలబడి డబ్బాలు లెక్కపెడితె చాలు. మరి లెక్క ఎందుకు పెట్టరో ఆ శాఖలో ఉన్న మన ఉద్యోగ మిత్రులే చెప్పాలె. సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం వదులుకొని నిలబడ్డ ఉద్యోగులు మీరు. ఆ తెగువలో పదో వంతు చూపిస్తె ఈ లెక్క తేలుతది.

మనోళ్ల తప్పు కూడా చెప్పాలె, లేకుంటె ఈ రాతకు విలువ లేదు. సొసైటీల పేరు గీత కార్మికులది, పెత్తనం చాలా చోట్ల కంట్రాక్టరుది. సభ్యుల జాబితాలో పేరున్న మనిషి చెట్టెక్కక ఏండ్లైతది. నెలకు ఇంత అని చేతుల పెడితే సంతకం పెడ్తడు. ఆ సంతకం అడ్డం పెట్టుకొని పొడి కలిపేటోడు వేరే. దొరికిననాడు మాత్రం కులం ముంగటికొస్తది, వృత్తి ముంగటికొస్తది. సర్వాయి పాపన్న విగ్రహానికి దండేసిన చేతులతోనే పొడి డబ్బా మూత తీస్తుంటె, మాట్లాడకుండ ఉండుడు వృత్తి మీద ప్రేమ అనిపించుకోదు. నిజంగ చెట్టెక్కి, జారిపడి నడుము ఇరిగి మంచాన పడ్డ మనిషికి ఈ డబ్బులో పైస రాదు. ఆయన కల్లు చిక్కగ, కమ్మగ ఉన్నా పొడి కలిపిన సీసా ముంగట "మజా లేదు" అనిపించుకుంటది. మందు కలిపినోడు తాగేటోడికే కాదు, గీసేటోడికీ శత్రువే.

సర్కారు చేసింది ఏం లేదా అంటె, ఉన్నది. 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచిండ్రు. హుస్సేన్‌సాగర్ గాలి, అద్దాలు, కుర్సీలు. బాగుంది, మేమూ పోయి తాగినం. 2024లో చెట్టెక్కేటోళ్లకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు మొదలుపెట్టిండ్రు. ఇది ఎప్పుడో జరగాల్సిన పని. వైన్‌షాపుల కేటాయింపులో 2021 నుంచి గౌడులకు 15 శాతం వాటా ఇచ్చిండ్రు. కాని ఇదేం విచిత్రం? చెట్టు మీద బతికేటోడిని చెట్టు మీద బతకనియ్యకుండ బ్రాందీ అమ్ముకోమనుడా? అదీ 2023లో ఒక్క దరఖాస్తుకే 2 లక్షలు, లాటరీ తగలకపోతె తిరిగిరావు. ఆ ఏడు 2,620 షాపులకు లక్షకు పైగా దరఖాస్తులు పడ్డయి. మోకు మీద బతికేటోడు అందులో ఎంతమంది ఉంటరో మీరే ఊహించండి. ఒక దిక్కు ఇంత ఖజానా. ఇంకో దిక్కు బస్తీ కాంపౌండులో ఆడోళ్లకు మరుగుదొడ్డి లేదు, తాగే నీళ్ల నల్లా లేదు, మోరీకి మూత లేదు. అద్దాల కేఫ్‌కు పెట్టిన శ్రద్ధలో రవ్వంత ఇక్కడికి వచ్చినా బాగుండు.

కల్లు కాంపౌండంటె తాగుబోతుల అడ్డా అని ముక్కు మూసుకునే విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీ హాస్టల్ గదిలో మీ పక్క మంచం మీద పండుకునే పిలగానికి ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. అడ్డా మీద కూలి దొరకని నాడు మనుషులు ఒకరికొకరు పని చెప్పుకునే జాగ అది. పాలమూరు మేస్త్రీ, మెదక్ హమాలీ పక్కపక్కన కూసుండే జాగ. ఆడమనిషి బెరుకు లేకుండ కూసొని ఒక సీసా తాగి, మిరపకాయ బజ్జీ కట్టించుకొని ఇంటికి పోగలిగిన జాగ నగరంలో ఇంకోటి చూపించండి. దాన్ని బాగు చెయ్యాలె, శుభ్రం చెయ్యాలె. మూసి అపార్టుమెంటు కట్టుడు బాగు చేసుడు కాదు.

మేమడిగేది పెద్ద సంగతులేం కాదు. దుకాణం ముంగట బోర్డు మీద రోజూ రెండు అంకెలు రాయాలె: ఎన్ని చెట్ల కల్లు వచ్చింది, ఎన్ని సీసాలు పోయినయి. పొద్దున వచ్చిన కల్లులోంచి, సాయంత్రం కౌంటరు మీది సీసాలోంచి రెండు నమూనాలు తియ్యాలె. పొద్దుటి దాంట్ల లేని మందు సాయంత్రం దాంట్ల ఉంటె దొంగ ఆ నడుమనే ఉన్నడు, ఊళ్లె గీసినోడి మీదికి పోయే పని లేదు. దొరికినోడి లైసెన్సు తీసి, దుకాణాన్ని మాత్రం నిజంగ చెట్టెక్కే సభ్యులకు అప్పజెప్పాలె. దుకాణం తెరిచే ఉండాలె.

మేము వచ్చేటప్పుడు మేస్త్రీ మొదటి సగానికి కొత్త రేకులు బిగిస్తున్నడు. వచ్చే వారం పరదాను ఇటు మార్చి, రెండో సగం రేకులు దించుతరట. ఆడోళ్ల దిక్కు మరుగుదొడ్డి గోడలు లేసినయి, తలుపు ఇంకా రాలేదు. అడ్వాన్సు తీసుకున్న వడ్లాయన ఫోను ఎత్తుతలేడని పెద్దాయన తిట్టుకుంటున్నడు. ముసలమ్మ మాత్రం సీసాను ఇంకా వెలుతురుకు పెట్టి చూసే తాగుతున్నది.