పద్దు మారితే లెక్క మారుతుంది



ఈ నెల పండుగ ముచ్చట్లు వ్రాద్దామని కలం పట్టుకున్నాము. కాని మా పేటలో జరిగిన ఒక సంగతి మనస్సును వదలకున్నది. అది మన ఇళ్లన్నింటికీ పనికివచ్చేది గనుక దానినే వ్రాస్తున్నాము.

పోయిన వేసవిలో నీళ్లకు కటకటగా ఉన్న రోజులలో, మా షోలాపురంలో ఒక వీధి కుళాయి దగ్గర ఇద్దరికి మాటామాటా పెరిగింది. ఇద్దరూ మనవాళ్లే. బిందెల వరుస తప్పిందని ఒకరు, తప్పలేదని ఒకరు. పడుచువాడు పెద్దాయనను ఒక్క తోపు తోశాడు. ఆయన వెల్లకిల పడితే తల రాతిగట్టుకు తగిలింది. రెండవ నాడు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. పిల్లవాణ్ణి జైలుకు పంపారు.

వాని తల్లి బీడీలు చుట్టి సంసారం ఈడ్చుకొచ్చిన మనిషి. మరాఠీ మాట్లాడగలదు గాని చదవలేదు. ఆఫీసులో గుమాస్తా పని చేసేవాళ్లం గదా అని, కాగితాలు కొంగున దాచుకుని మా గుమ్మమెక్కింది. "తమ్మీ, ఇండ్ల ఏం రాసిన్రో జర సదివి చెప్పు" అన్నది. చదివాము. 103వ సెక్షను వేసి ఉంది. అంటే హత్య. దానికి శిక్ష యావజ్జీవమో, ఉరియో. ఆ మాట ఆమెతో అనడానికి మాకు నోరు రాలేదు. ముందు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాము.

ఆ సాయంత్రం పెద్దలు నలుగురు చేరారు. "పిల్లవాడు ఆ వేళ కుళాయి దగ్గర లేనేలేడని చెబుదాం, సాక్ష్యానికి మేమున్నాం" అన్నారు. నిజం దాచడమెందుకు, మేమూ తల ఊపాము. వాడు బయటపడితే చాలుననిపించింది.

మరునాడు జిల్లా న్యాయ సేవా సంస్థవారు ఇచ్చిన ప్లీడరమ్మగారి వద్దకు వెళ్లి ఇదే చెప్పాము. ఆమె నిదానంగా అడిగారు: "తోపు తోయడం ఇరవైమంది చూశారు. వాడక్కడ లేడని ఈవేళ మీరంటే, హఠాత్తుగా వచ్చిన జగడంలో తోశాడని రేపు నేను ఏ నోటితో చెప్పేది? వాణ్ణి కాపాడగల నిజం ఒక్కటే ఉంది. దాన్ని మీ చేతులతోనే పూడ్చివేస్తారా?"

మాకు తల కొట్టేసినట్లయింది.

ఆమె చెప్పిన దానిని గుమాస్తా భాషలో చెబుతాము. మనిషి ప్రాణం పోయింది, ఆ ఖర్చు ఎవరూ కొట్టివేయలేరు. అది ఏ పద్దు క్రింద వ్రాయాలన్నదే ప్రశ్న. 1860 నాటి పీనల్ కోడులో 302 హత్యకు, 304 హత్య క్రిందికి రాని నరహత్యకు శిక్ష చెప్పేవి. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత వచ్చాక అవే 103, 105 అయ్యాయి. ముందు ఆలోచన లేకుండా, అప్పటికప్పుడు పుట్టిన కొట్లాటలో, ఆవేశంలో జరిగి, క్రూరత్వం చూపకుండా, ఎదుటివాని అశక్తతను అక్రమంగా వాడుకోకుండా ఉంటే అది హత్య పద్దులోనుండి దిగుతుంది. చంపాలనే ఉద్దేశమే లేదని, ప్రాణం పోవచ్చుననే ఎరుక కూడా లేదని తేలితే ఇంకా క్రిందికి దిగవచ్చు. అయితే ఇటువంటి మినహాయింపు కావాలన్నవాడే దానికి ఆధారం చూపాలి. ఆ ఆధారం ఆ కుళాయి దగ్గరే ఉన్నది గాని, మా పెద్దల కట్టుకథలో లేదు.

కాలం ఎంత ముఖ్యమో చెప్పడానికి ప్లీడరమ్మగారు నానావతి కేసు ఎత్తారు. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నౌకాదళ కమాండరు నానావతి, తన భార్యతో సంబంధం పెట్టుకున్న ప్రేమ్ ఆహూజాను తుపాకితో కాల్చాడు. పెనుగులాటలో గుండు దానంతట అదే పేలిందని వాదించారు. కాదంటే తీవ్రమైన, హఠాత్తైన రెచ్చగొట్టుడు వల్ల జరిగిందన్నారు. జనమంతా ఆయన పక్షమే. జూరీలో తొమ్మిదిమందికి ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. జడ్జిగారు ఒప్పుకోక హైకోర్టుకు పంపారు. అక్కడ యావజ్జీవం పడింది. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు దానినే ఖాయపరచింది.

ఆ తీర్పు వ్రాసినది మన రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావుగారు. భార్య నోట ఆ మాట విన్నాక నానావతి ఆమెను, పిల్లలను సినిమాకు దింపాడు. ఓడకు వెళ్లి రివాల్వరు, ఆరు తూటాలు తీసుకున్నాడు. ముందు ఆహూజా ఆఫీసుకు, తరువాత ఇంటికి వెళ్లాడు. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఇల్లు విడిచి, నాలుగు గంటల ఇరవై నిమిషాలకు కాల్పులు. ఆవేశం చల్లారడానికి ఆ వ్యవధి చాలునన్నారు సుబ్బారావుగారు. 1964లో గవర్నరు విజయలక్ష్మీ పండిట్ క్షమాభిక్ష పెట్టారు గాని, తీర్పులోని సూత్రం నిలిచే ఉన్నది. గుండెకోత ఎంతటిదైనా గడియారం ముళ్లు కూడా సాక్ష్యం చెబుతాయి.

మా కుళాయి జగడానికి మాటకూ తోపుకూ మధ్య రెండు నిమిషాలైనా లేవు. అది చెప్పడానికి ఇరవై నోళ్లున్నాయి. పెద్దలు తమ కథ మానుకున్నారు. పిల్లవాడు తాను తోసిన మాట ఒప్పుకున్నాడు. విచారణ నడుస్తున్నది, తీర్పు ఇంకా రాలేదు. ఏమవుతుందో మేము చెప్పలేము.

ఇంకొక ఇల్లున్నది, మరువరాదు. పోయినాయన భార్య ఇప్పటికీ ఆ కుళాయికే బిందె తీసుకుని వస్తుంది. వాదించడమంటే ఆమె దుఃఖం చిన్నదని అనడం కాదు. తప్పు ఎంత ఉన్నదో అంతే తూచమని అడగడం.

కనుక సోదరులారా, పగవానికి కూడా రాకూడదు గాని, ఎవరి ఇంట నైనా ఇటువంటి ఆపద వస్తే కథలు కట్టకండి. చూసినవారి పేర్లు, జరిగిన వేళ ఆ రోజే కాగితం మీద పెట్టండి. డబ్బు లేదని వకీలు లేకుండా ఉండకండి. నిర్బంధంలో ఉన్నవారికి, స్త్రీలకు 1987 చట్టం ప్రకారం ప్లీడరును ఉచితంగా ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. భాష రాకపోతే మనలో చదువుకున్నవారిని పిలవండి. పిలిస్తే, ఓ చదువుకున్న సోదరులారా, వెళ్లండి. మేము ఒకసారి తల ఊపి తప్పు చేశాము. మీరు ముందు కాగితం పూర్తిగా చదివి, తరువాత తల ఊపండి.