అడ్రస్ మారితే ప్రోగ్రాం ఆగిపోవాలా?

2016 అక్టోబర్ 11న మంచిర్యాల జిల్లా ఏర్పడింది. అప్పటిదాకా ‘ఆదిలాబాద్ జిల్లా’ అని రాసుకున్న మా నస్పూర్ ఉన్నచోటే ఉంది, అడ్రస్ మాత్రం మారింది. కాగితం మీదైతే కొట్టేసి రాసుకోవచ్చు. మరి రాయి మీద చెక్కించినోళ్ల సంగతి? సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ అడ్రస్‌ను అట్లా కోడ్‌లోనే చెక్కేయడాన్ని ‘హార్డ్‌కోడింగ్’ అంటారు.

ల్యాప్‌టాప్ లేక ఫోన్‌లోనే కోడింగ్ నేర్చుకునేవాళ్లకు ఈ బాధ ఎక్కువ. టెర్మక్స్ యాప్ సంగతే చూడండి. లినక్స్‌లో ప్రోగ్రాంల సెట్టింగ్స్ మామూలుగా ‘ఈటీసీ’ ఫోల్డర్‌లో ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో ఆ ఫోల్డర్ సిస్టం చేతిలో ఉంటుంది, మామూలు యాప్‌లు అందులో ఏమీ రాయలేవు. అందుకే టెర్మక్స్ తన యాప్ ఫోల్డర్ లోపలే వేరే ‘ఈటీసీ’ పెట్టుకుంది. కానీ అసలు కోడ్‌లో పాత దారే చెక్కి ఉంటే? ప్రోగ్రాం ఇన్‌స్టాల్ అవుతుంది, సెట్టింగ్స్ ఫైల్ మాత్రం దానికి దొరకదు.

అప్పుడు ప్యాకేజీ తయారుచేసేవాళ్లు ఏం చేయాలి? ముందు బిల్డ్ ఆప్షన్లు చూడాలి. చాలా పాత ప్రోగ్రాంలలో ‘సిస్‌కాన్ఫ్‌డిర్’ అనే ఆప్షన్ ఉంటుంది, కొత్త దారి అక్కడ ఇస్తే చాలు. అది లేకపోతే ప్యాచ్ రాయాలి. ‘ఈటీసీ’ కనపడిన ప్రతిచోటా గుడ్డిగా మార్చేస్తే సంబంధం లేని లైన్లు కూడా చెడిపోతాయి, జాగ్రత్త.

ఇంకో తమాషా ఉంది. టెర్మక్స్ ప్యాకేజీల్లోనూ ఆ యాప్ ఫోల్డర్ దారి చెక్కే ఉంటుంది! ఎవరైనా యాప్ ప్యాకేజీ పేరు మార్చి సొంత వెర్షన్ చేసుకుంటే, ప్యాకేజీలన్నీ మళ్లీ బిల్డ్ చేసుకోవాల్సిందే. ప్యాచ్ వేస్తే ఒక అడ్రస్ పోయి ఇంకో అడ్రస్ వస్తుంది, అంతే. చెక్కుడు అట్లనే ఉంటుంది.

అందుకే నేననేది, మందు మొదట్లోనే వేయాలి. మీరు ప్రోగ్రాం రాస్తే సెట్టింగ్స్ ఫైల్‌ను ఈ వరుసలో వెతికించండి: యూజర్ కమాండ్‌లో ఇచ్చిన దారి, తర్వాత ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, తర్వాత యూజర్ హోమ్‌లోని ‘కాన్ఫిగ్’ ఫోల్డర్, చివరగా బిల్డ్‌లో ఇచ్చిన సిస్టం దారి. వేరేవాళ్ల కోడ్‌కు ప్యాచ్ రాస్తే మీ దగ్గరే దాచుకోకండి, అసలు ప్రాజెక్ట్‌కు పంపండి. వాళ్లు తీసుకుంటే మీ తర్వాత వచ్చేవాళ్లకు అదే పని మళ్లీ చేసే తిప్పలు తప్పుతాయి. ఓపెన్ సోర్స్‌లోకి అడుగుపెట్టడానికి ఇంతకంటే చిన్న, పనికొచ్చే పని నాకైతే కనపడలేదు.